ఐదు వారాలు ఎక్కడుండాలి?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ అమ్మ పేరు ఆహ్వానపత్రంలో ఉంది. వేదిక మీద ఆ పేరు పదేపదే పలకవద్దని, పొగడ్తలు వద్దని ఈ స్మారక నిధి పెట్టిన ఆమె పిల్లలు ముందే చెప్పారు. అమ్మకొచ్చిన జబ్బు గురించి, ఆ జబ్బుతో మన ఊళ్లలో జనం పడే పాట్ల గురించి చెప్పండి చాలన్నారు. నాకు పని సుళువైంది. మామూలుగా స్మారకోపన్యాసాల్లో సగం సమయం పోయినవాళ్ల గుణగణాలకు సరిపోతుంది, మిగతా సగం మైకు సరిచేయడానికి.

నా ఉద్యోగమంతా ఈ మడకశిర చుట్టుపక్కల ప్రభుత్వాసుపత్రుల్లోనే గడిచింది. క్యాన్సర్ నిపుణుణ్ని కాను. అనుమానమొస్తే ముక్క తీసి పరీక్షకు పంపడం, తేలితే బెంగళూరుకో కర్నూలుకో చీటీ రాసివ్వడం, అంతవరకే నా పని. కాకపోతే చీటీ రాసే వైద్యుడికి ఒక వెసులుబాటుంది. మనిషి పోయేటప్పుడూ చూస్తాడు, తిరిగొచ్చాకా చూస్తాడు. పెద్దాసుపత్రి వైద్యుడికి కనిపించేది మధ్యలో కొన్నాళ్లే.

రొళ్ల వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్. ముదరలేదు, నయమయ్యే దశే. పక్కనే భర్త. ఇరవై ఐదు సార్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలని, వారానికోసారి కీమో ఉంటుందని, ఆ తర్వాత లోపలి నుంచి కూడా కరెంటు పెడతారని నాకు చేతనైనంత విడమరిచి చెప్పాను. ఏమైనా అడగాలా అన్నాను. బతుకుతానా అని అడుగుతుందనుకుని దానికో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె అడిగింది వేరు. "పురుగు మూడో జరంలో ఉంది సారూ. నాల్గో జరం లేస్తే ఆకెవరేస్తారు?" భర్త అడిగింది ఇంకొకటి. "ఐదు వారాలు యాడుండేది సార్?"

ఈ సభలో పట్టుపురుగులు పెంచని ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. పురుగు నాలుగు సార్లు పొర విడుస్తుంది, దాన్నే జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక వారం రోజుల్లో అది తినే ఆకు, బతుకు మొత్తంలో తినేదాంట్లో నూటికి ఎనభై వంతులు. ఆ వారం ఇంట్లో నిద్రుండదు. ఆకు తగ్గితే గూడు పలచనవుతుంది, హిందూపురం మార్కెట్లో ధర పడిపోతుంది, పంటకు తెచ్చిన అప్పు అలాగే నిలుస్తుంది. ఆ అప్పు వెయ్యి అడుగుల బోరుకు తెచ్చిన అప్పు మీద చేరుతుంది. ఆవిడకు జబ్బు తీవ్రత తెలియక అలా అడగలేదు. బతుకుతానా అన్న ప్రశ్నకు ఆ గదిలో ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదని ఆమెకు తెలుసు. ఆకు సంగతి మాత్రం ఆ రాత్రికే తేలాలి.

రోగికి ఏం ముఖ్యమో వైద్యులం ఊహించుకుంటాం, అడగం. దీన్ని పట్టించుకున్న చోట్లు లేకపోలేదు. బ్రిటన్‌లో 2004లో జేమ్స్ లిండ్ అలయెన్స్ అని ఒకటి మొదలైంది. లిండ్ అంటే 1747లో ఓడ మీద స్కర్వీ పట్టిన నావికులకు నారింజ, నిమ్మ తినిపించి పరీక్షించిన వైద్యుడు. ఈ అలయెన్స్ వాళ్లు ఒక జబ్బు తీసుకుని, రోగులను, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లను, వైద్యులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఏ ప్రశ్నకు ముందు జవాబు వెతకాలో వరస కట్టిస్తారు. చివరికి పది ప్రశ్నలు నిలుస్తాయి. క్యాన్సర్‌తోనూ క్యాన్సర్ తర్వాతా బతుకుతున్నవాళ్ల విషయంలో 2018లో ఇలా వరస కడితే, మొదటి ప్రశ్న కొత్త మందు గురించి కాలేదు. చికిత్స ముగిశాక మనిషిని ఏళ్ల తరబడి చూసుకునే మంచి పద్ధతి ఏది అన్నది మొదట నిలిచింది. మన రొళ్ల దంపతులను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఉండే చోటు గురించిన ప్రశ్న మొదట నిలిచేదని నా నమ్మకం.

ఎందుకో వివరంగా చెప్పాలి. మిషను కింద పడుకునేది పది నిమిషాలు. వారానికి ఐదు రోజులు, అలా ఐదు వారాలు. ఆ పది నిమిషాల కోసం మిగతా దినమంతా ఊరు కాని ఊళ్లో ఉండాలి. రోజూ పోయిరావచ్చు కదా అంటారు కొందరు. మడకశిర నుంచి బెంగళూరు దాదాపు 150 కిలోమీటర్లు. పొత్తికడుపుకు కరెంటు పెడితే రెండో వారానికి విరేచనాలు మొదలవుతాయి. కీమో ఎక్కించిన రోజున వాంతులు. ఆ స్థితిలో మనిషిని పోను, రాను ఎనిమిది గంటలు ఎర్రబస్సులో కూర్చోబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? బస్సు ఆపమని కండక్టరును అడగడానికి సిగ్గుపడి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చున్న ఆడవాళ్లను చూశాను. నీళ్లు తాగకపోతే సిస్ప్లాటిన్ అనే ఆ కీమో మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇంకో లెక్క ఉంది. ఈ క్యాన్సర్‌కు బయటి కరెంటు, లోపలి కరెంటు అన్నీ కలిపి 8 వారాల్లో ముగియాలన్నది వైద్యంలో ఖాయమైన నియమం. రోజులు పెరిగేకొద్దీ గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. మూడో వారంలో లాడ్జి డబ్బులు అయిపోయి ఊరికొచ్చి, పది రోజులాగి మళ్లీ పోయిన మనిషి తనకు తెలియకుండానే మందు డోసు తగ్గించుకున్నట్టు. కాబట్టి గది అద్దెను దానధర్మం కింద రాయకూడదు. మందుల పద్దులోనే రాయాలి. ధర్మశాల కట్టించిన దాతలకు ఇది చెబితే వాళ్లు ఆశ్చర్యపోతారు. తామేదో అన్నసత్రం లాంటిది కట్టామనుకుంటారు. కట్టింది చికిత్సలో ఒక భాగాన్ని.

పరిశోధన కూడా ఈ ప్రశ్న వైపు తిరిగింది, కాస్త ఆలస్యంగా. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఐదు వారాలు కరెంటు పెట్టడం ఒకప్పటి ఆనవాయితీ. మూడు వారాలు, 15 సార్లు పెట్టినా ఫలితం తగ్గదని బ్రిటన్‌లో జరిగిన స్టార్ట్ ప్రయోగాల పదేళ్ల ఫలితాలు 2013లో తేల్చాయి. తగినవాళ్లకు ఒకే వారంలో ఐదు సార్లు పెట్టినా సరిపోతుందని 2020లో ఫాస్ట్ ఫార్వర్డ్ ప్రయోగం చూపింది. మన ప్రాంతం వాళ్లకు నా సలహా ఒకటే. రొమ్ము క్యాన్సర్‌కు కరెంటు అన్నప్పుడు, తక్కువ రోజుల పద్ధతి నాకు పనికొస్తుందా అని వైద్యుణ్ని అడగండి. అడిగితే తప్పు పట్టరు. అందరికీ కుదరకపోవచ్చు. కుదిరినవాళ్లకు రెండు వారాల అద్దె, రెండు వారాల కూలి మిగులుతాయి.

కీమో తేదీల సంగతీ అంతే. చాలా మందులు 21 రోజులకోసారి ఇస్తారు. పురుగు పంట లెక్క ఇంటావిడకు చేతివేళ్ల మీద ఉంటుంది. తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపడానికి వీలవుతుందా అని ముందుగా మాట్లాడుకుంటే చాలాసార్లు వీలవుతుంది. చెప్పాపెట్టకుండా మానేస్తేనే చిక్కు. కరెంటు విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. రెండూ ఒకటే అనుకోవద్దు.

ఇక చికిత్స ఖర్చు భరించే కార్డు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. మిగతావి శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతూ వచ్చింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీయే. మూడు వైపులా కర్ణాటక ఉన్న మనకు దగ్గర బెంగళూరే. అక్కడ హోసూరు రోడ్డులో 1973 నుంచి కిద్వాయి ఆసుపత్రి ఉంది. కన్నడం మనకు పరాయి భాషా కాదు, మన పల్లెల్లో సగం ఇళ్లలో మాట్లాడేది అదే. ఈ కార్డుకు అడ్డం వచ్చింది రాష్ట్రం హద్దు. 2019 నవంబరు నుంచి బెంగళూరులోని కొన్ని ఆసుపత్రులను కూడా పథకంలోకి తేవడంతో ఆ అడ్డు కొంత తొలగింది. తిరుపతిలో టాటా వాళ్ల చేయూతతో 2022లో క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. బసవతారకం గారి పేరిట 2000లో మొదలైన ఆసుపత్రి హైదరాబాదులో ఉంది. ఆమె భర్త ఎన్టీ రామారావు గారు హిందూపురం ఎమ్మెల్యేగా ఉన్నవారే. ఆ హిందూపురం నుంచి ఆ ఆసుపత్రికి 400 కిలోమీటర్ల పైమాటే. ఇది ఫిర్యాదు కాదు, పటం చూపిస్తున్నాను.

2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని ఒకటి పెట్టారు. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. ఏ పార్టీ తెచ్చిందన్నది పక్కన పెడితే, జబ్బుపడ్డ మనిషి పోగొట్టుకున్న కూలి కూడా జబ్బు ఖర్చేనని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం పెద్ద సంగతి. కానీ ఆ కాగితంలో ఒకరు లేరు. రోగి పక్కన ఉన్న మనిషి.

ఆ మనిషి గురించి కాస్త నిలిచి మాట్లాడతాను. తెల్లవారుజామున హిందూపురం స్టేషన్‌లో గానీ మన బస్టాండులో గానీ చూడండి. బట్టల షాపు పేరున్న పసుపుపచ్చ గుడ్డ సంచి. అందులో ఫైలు, స్కాన్ కవరు, ఆధారు, రేషన్ కార్డు జిరాక్సులు నాలుగైదు సెట్లు, పాస్‌పోర్టు ఫోటోలు, ఫోను చార్జరు, స్టీలు టిఫిన్ డబ్బా, ఒక దుప్పటి. ఆ సంచి ఎవరి భుజానుందో వాళ్లే ఆ ఇంటి క్యాన్సర్ విభాగం. ఏ కౌంటరు ఎన్నింటికి తెరుస్తారో, ఏ రక్తపరీక్ష ఎక్కడ ఇవ్వాలో, ఏ మాత్ర పరగడుపున వేయాలో ఆ మనిషి బుర్రలో ఉంటుంది. రోగికి ఇడ్లీ తెచ్చి, తను టీ, బన్నుతో గడుపుతుంది. వరండాలో చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటుంది. రౌండ్సుకొచ్చిన వైద్యుడు రోగిని అన్నం తిన్నావా అని అడుగుతాడు. పక్కనున్నావిడను అడగడు. నేనూ అడిగినవాణ్ని కాదు చాలాకాలం.

"ఆవిడ" అంటున్నాను. మగవాడికి జబ్బు చేస్తే భార్య పోతుంది. ఆడదానికి జబ్బు చేస్తే తల్లో, చెల్లెలో, పెద్ద కూతురో పోతుంది. నేను చూసినంతలో ఇదే ఎక్కువ. ఆ రొళ్ల ఆయన లాగా భర్తే వెంట వచ్చిన ఇళ్లు ఉన్నాయి, కాకపోతే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటర్ చదివే పిల్ల అమ్మ వెంట ఆరు వారాలు పోయి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. దీన్ని ఏ పథకం లెక్కలోనైనా రాశామా?

నాకు తెలిసి తోడు మనిషిని నిక్కచ్చిగా లెక్కలోకి తీసుకున్నది రైల్వేలు. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం. వెంట పోయే ఒకరికి అదే బోగీలో 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే రాయితీ పత్రం ఉండాలి. జబ్బుపడ్డవాళ్లు ఒంటరిగా పోలేరన్న సంగతి ఆరోగ్య శాఖల కన్నా ముందు రైలువాళ్లకు తట్టింది. చిక్కల్లా మనకు రైలు లేకపోవడం, హిందూపురం పోయి ఎక్కాలి. రాయదుర్గం-తుమకూరు లైను పూర్తయిన రోజు ఈ మాట మళ్లీ చెప్పుకుందాం.

తోడు మనిషికి డబ్బు కన్నా ముందు కావలసింది సమాచారం. కీమో ఎక్కించాక ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తగిలిందంటే అది మామూలు జ్వరం కాదు. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, ఇంగ్లీషులో, ఆరో పేరాలో. చదవాల్సింది ఎనిమిదో తరగతితో చదువు మానేసిన కోడలు. రాత్రి పదికి ఊళ్లో దొరికేది ఆర్‌ఎంపీ. తెలుగులోనో కన్నడంలోనో అరపేజీ, పెద్దక్షరాలతో, ఎప్పుడు ఆగకూడదో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసిస్తే ఎంత ఖర్చు? ఆ అరపేజీ ఆర్‌ఎంపీలకూ పంచితే ఇంకా మేలు. వాళ్లను తిట్టడం సులువు. రాత్రిపూట తలుపు తీసేది వాళ్లే కదా.

ఇంకో సంగతి. "ఆయనకు చెప్పకండి సార్, తట్టుకోలేడు." తలుపు దగ్గర కొడుకు చెవిలో చెప్పే మాట ఇది. అదే తలుపు దగ్గర మర్నాడు తండ్రి, "నాకు తెలుసు, పిల్లోళ్లకు చెప్పొద్దు" అంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే నిజాన్ని ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ తిరుగుతుంటారు. అమెరికా పుస్తకాల్లో ఉన్నట్టు రోగికి మొహం మీదే చెప్పేయాలని నేననను. ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆ మనిషినే అడగాలి. పొలం పంపకం ఉంటుంది, కూతురి పెళ్లి ఉంటుంది, చెల్లించాల్సిన మొక్కు ఉంటుంది. తనకు మిగిలిన కాలం ఎంతో తెలియనివ్వకపోతే అవన్నీ అతని చేతుల్లోంచి లాగేసుకున్నట్టు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్లకు మాత్రం గట్టిగానే చెబుతాను. క్యాన్సర్ అంటదు. తాకండి, పక్కన కూర్చుని తినండి.

నొప్పి గురించి చెప్పకుండా దిగితే నేను వైద్యుణ్నే కాను. ముదిరిన క్యాన్సర్ నొప్పికి నోటితో మింగే మార్ఫిన్ మాత్ర ఖరీదైనదేమీ కాదు. అది తయారయ్యే నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో, ప్రభుత్వ లైసెన్సుతో పండుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల బెడద పడలేక ఆసుపత్రులూ మందుల షాపులూ మార్ఫిన్‌ను వదిలేశాయి. దొంగల కోసం వేసిన తాళం రోగుల ముందు పడింది. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. శిక్షణ పొందిన ఒక వైద్యుడు ఉండి, ఆసుపత్రి గుర్తింపు తెచ్చుకుంటే మాత్రలు నిల్వ చేయవచ్చు. హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ గారి బృందం ఈ పని ఏళ్లుగా చేస్తోంది. బెంగళూరు మారతహళ్లి దగ్గర కరుణాశ్రయ 1999 నుంచి చివరి దశ రోగులను పైసా తీసుకోకుండా చూసుకుంటోంది. కానీ చివరి రోజులకు జనం కోరుకునేది సొంత ఇల్లు. అగళిలో, అమరాపురంలో ఉన్న మనిషికి మాత్ర మడకశిరలో దొరకాలి.

కేరళలో ఇంటి దగ్గరే ఇలా చూసుకోవడం ఎలా సాధ్యమైందంటే, 1993లో కోళికోడులో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ గార్లు చిన్నగా మొదలుపెట్టారు. తర్వాత ఊరి జనం పూనుకున్నారు. టీచర్లు, ఆటోడ్రైవర్లు, గృహిణులు వారానికి రెండు గంటలు కేటాయించి, నర్సుతో కలిసి మంచంపట్టినవాళ్ల ఇళ్లకు పోవడం నేర్చుకున్నారు. 2008లో ప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుంది, పంచాయతీలు డబ్బు పెట్టాయి. మొదట కదిలింది జనం, సర్కారు వెనక వచ్చింది.

ఇక జబ్బు రాకముందు సంగతి, వక్క గురించి ఒక ముక్క. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో తేల్చింది. వక్కతోటల డబ్బుతో పిల్లల్ని చదివించుకున్న ఊళ్ల మధ్య నిలబడి ఇది చెప్పడం ఇబ్బందే. ముందు వరుసలో కొందరు దవడ కదపడం ఆపారు. అమ్ముకోండి, నమలకండి అనే ధర్మపన్నాలు నేను చెప్పను. నోట్లో తెల్లమచ్చ, మానని పుండు రెండు వారాలు దాటితే మాత్రం చూపించుకోండి. ముప్పై దాటిన ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వారం పరీక్ష అడిగి చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు.

తెలుగునాట క్యాన్సర్ సభల్లో యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలవకుండా ఎవరూ దిగరు. నేనూ తలుస్తాను. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం మీద ఆయన అమెరికాలో పనిచేశాడు. ఆ దారిలోనే పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలి మందులు, ఇవాళ్టికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆయన ప్రశ్న ఇంట్లో పుట్టింది. జబ్బు మోసినవాళ్ల దగ్గర ప్రశ్నలు ఉంటాయి, అడగనివ్వాలి.

ఆ రొళ్ల ఆవిడ సంగతి తెలుసుకోవాలని కొందరికి ఉంటుంది. ఆడబిడ్డ వచ్చి ఆకు వేసింది. బెంగళూరులో బంధువుల ఇంట్లో రెండు వారాలు, అద్దె గదిలో మిగతా వారాలు ఉన్నారు. చికిత్స గడువులోనే ముగిసింది. బంధువుల ఇల్లు లేకపోయి ఉంటే ఎలా అన్నది నేను చెప్పలేను.

నిధి పెట్టిన కుటుంబానికీ, నిర్వాహకులకూ నా మనవి. ఏటా ఈ వడ్డీ డబ్బులో శాలువాకు, జ్ఞాపికకు, నాలాంటివాడి కారు అద్దెకు పోయేది తీసి, బెంగళూరు ఆసుపత్రి దగ్గర ఒక గది ఏడాది పొడవునా మడకశిరవాళ్ల కోసం అద్దెకు పట్టండి. చాలకపోతే ఈ హాల్లో ఉన్నవాళ్లం తలా కొంత వేద్దాం, మొదటి చందా నాది. మడకశిర ప్రభుత్వాసుపత్రి వైద్యుల్లో ఒకరిని మార్ఫిన్ శిక్షణకు పంపమని కలెక్టరు గారికి ఈ సభ తరఫున ఒక అర్జీ రాద్దాం, సంతకాలు ఇక్కడే తీసుకుందాం. వచ్చే ఏడు ఈ కుర్చీలో వైద్యుణ్ని కూర్చోబెట్టకండి. చికిత్స చేయించుకుని వచ్చిన ఒకరిని, వాళ్ల సంచి మోసిన ఒకరిని పిలవండి. వాళ్లు చెప్పే వరస రాసుకోవడానికి నేను కాగితం, పెన్ను తెచ్చుకుని వస్తాను.